అడగని స్వెట్టరు

మదనపల్లెలో మాధవి ఫ్యాన్సీ స్టోరు పైన, మేడ వరండాలో ఊలు బుట్టలు ముందేసుకుని కూర్చున్న ముగ్గురు ఆడవాళ్లను పోయినవారం అక్కడే వదిలి వచ్చాం. పుంగనూరు నుంచి ప్రతి ఆదివారం బస్సెక్కి వచ్చే యమున, ఇంటి మనిషి మాధవి, వాళ్లిద్దరికీ అల్లిక నేర్పిన పెద్దావిడ మంగమ్మ. చలికాలమంతా టోపీలు, మఫ్లర్లు అల్లి బస్టాండుల్లో వణుకుతూ కనిపించిన వాళ్లకు ఇచ్చి రావడం వాళ్ల సరదా. యమున తన భర్త కోసం అల్లిన మెరూన్ రంగు స్వెట్టరును, పుంగనూరు బస్టాండులో తడిసి కూర్చున్న ఒక ముక్కూమొహం తెలియని ఆడమనిషికి తొడిగింది. దాన్ని మాధవి ఫోనులో వీడియో తీసి తన ఛానల్లో పెట్టింది. అది ఊరూరా తిరిగింది. ఆ సంబరంలో ముగ్గురూ పకోడీలు తింటుండగా, మెట్లెక్కి వచ్చిన ఒకావిడ అదే స్వెట్టరును వాళ్ల మధ్యకు విసిరికొట్టి, "మీలో యమున ఎవురు?" అని అడిగింది.

"నేనేనమ్మా," అంది యమున, లేచి నిలబడుతూ.

ముందు ఆమెను పోల్చుకోలేకపోయింది. ఆరోజు బెంచీ మీద చూసిన మనిషి కాళ్లకు చెప్పులు లేవు. చీర మోకాళ్ల దాకా బురద. జుట్టు నుంచి నీళ్లు కారుతుండేవి. ఇప్పుడు ఎదురుగా ఉన్నావిడ గంజి పెట్టిన నేతచీర కట్టుకుంది. నూనె రాసి బిగించిన ముడిలో కనకాంబరాలు. రెండు ముక్కుపుడకలూ తళతళమంటున్నాయి. తాడు తెంపుకుని పరుగెత్తే ఆవును సైతం ఒక్క కేకతో నిలబెట్టే మనిషిలా గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"నా పేరు అడిగినావా ఆ పొద్దు?" అంది.

"లేదమ్మా."

"నాది యా ఊరని అడిగినావా?"

"లేదు."

"యాల తడిసినావు, చెప్పులు యాడ పోయినాయి అని అడిగినావా?"

యమున తల అడ్డంగా ఊపింది. చేతిలోని అల్లిక సూదులు ఎక్కడ పెట్టాలో తెలియక రెండు చేతులా పట్టుకుంది.

"ఏమీ అడగలేదు. నా కొడుకు నన్ను బస్టాండులో వదిలేసి పోయినాడని మాత్రం ఊరందరికీ సెప్పినారు. నా నోట్లోంచి వచ్చిందా ఆ మాట? సెప్పు! వచ్చిందా?"

ఆ కేకకు కింద కొట్టులో గాజులు చూస్తున్న వాళ్లు కూడా తలెత్తి ఉంటారు. యమున మాధవి వైపు చూసింది. వీడియో మీద పెద్ద పసుపు అక్షరాలు ఆమె కళ్ల ముందు మెదిలాయి. ‘కన్నకొడుకు బస్టాండులో వదిలేసిన తల్లి... ఈ చెల్లెలు చేసిన పనికి కన్నీళ్లు ఆగవు!’ తను టీ తేవడానికి వెళ్లినప్పుడు మాధవి ఆవిడతో మాట్లాడి, కష్టం తెలుసుకుని అలా రాసిందేమో అనుకుంది. తర్వాత ఆ సంగతి మళ్లీ అడగలేదు.

మాధవి కొట్టులో గిరాకీలను చూసి నవ్వే నవ్వు తెచ్చుకుని లేచింది. "ముందు కూర్చోండమ్మా. ఎండన పడి వచ్చినారు. నీళ్లు తాగండి."

"నీళ్లు తాగేదానికి కుప్పం నుంచి రాలేదు నేను."

"అది కాదమ్మా..."

"నా పేరు ఆదిలక్ష్మమ్మ. తెలుసుకో. కుప్పం పక్కన పల్లె మాది. మా ఊరి పాలకేంద్రం నడిపేది నేను. పొద్దు పొడిస్తే ఊరు ఊరంతా క్యాన్లు పట్టుకోని నా ముందర వరసగా నిలబడతారు. అట్లాంటి దాన్ని అడుక్కుతినేదాన్ని జేస్తిరి కదమ్మా మీరు!"

మంగమ్మ పకోడీల పళ్లాన్ని మెల్లగా పక్కకు జరిపింది. అప్పుడది అక్కడ ఉండడమే తప్పన్నట్టు చీరకొంగు కప్పింది.

ఆదిలక్ష్మమ్మ కూర్చోలేదు. నిలబడే చెప్పింది. చౌడేపల్లెలో ఒక చూలావు బేరానికి ఉందంటే చూసి వద్దామని ఆ రోజు తెల్లారే కుప్పంలో బయల్దేరింది.

"పెద్దపంజాణి కాడ ఒకాయప్ప బండి మీదనుంచి పడి, రోడ్డు పక్కన కొట్టుకుంటాండాడు. ఒకటే వాన. బస్సు ఆపినారు. కిటికీల్లోంచి అందురూ సూస్తాండారు. ఫోన్లు తీసినోళ్లు ఉండారు గాని, దిగినోళ్లు లేరు. నేను దిగితి. నా దుప్పటి ఆయప్ప తలకు సుట్టి, వచ్చే ఆటోకు అడ్డం నిలబడి ఆపి, పుంగనూరు ఆసుపత్రికి తోడుకోని పోతి. చెప్పులు ఆ బురదలోనే పోయినాయి. ఒళ్లంతా ఆయప్ప నెత్తురు. బస్టాండు కొళాయి కింద నెత్తురు మాత్రం కడుక్కోని, కుప్పం బస్సు కోసరం కూర్చోని ఉంటి. అబ్బుడు వచ్చినావు నువ్వు, స్వెట్టరు ఎత్తుకోని."

యమునకు ఆ క్షణం కళ్లకు కట్టింది. బెంచీ కింద ఎర్రగా మడుగు కట్టిన నీళ్లు. వక్కాకు ఉమ్మేమో అనుకుని తప్పుకుని నడిచింది తను.

"వద్దనే అనబోతి," అంది ఆదిలక్ష్మమ్మ. గొంతు ఒక్క క్షణం తగ్గింది. "నాకేం కొదవ, నా యింట్లో స్వెట్టర్లు లేవా? నోరు తెరిచినా గూడా. నీ మొగం సూస్తి. కొత్తబట్టలేసుకున్న చిన్నబిడ్డ మొగం మాదిరి వెలిగిపోతాండాది. దాన్ని యాల పాడుసెయ్యాల, వద్దంటే నొచ్చుకుంటాది అనుకోని చేతులు చాపితి. అది నీకు నేను చేసిన ఉపకారమమ్మా! నువ్వు నాకు చేసింది కాదు!"

ఆ మాట యమునకు చెంప మీద కొట్టినట్టు తగిలింది. స్వెట్టరు తొడిగించుకుంటూ ఆవిడ నవ్విన నవ్వు గుర్తొచ్చింది. కృతజ్ఞత అనుకుంది తను. ఇన్ని రోజులూ ఆ నవ్వును తలుచుకుని మురిసిపోయింది.

"అమ్మా, మీకు కష్టం కలిగించాలని కాదు," అంది మాధవి. "పేరు చెప్పలేదు, ఊరు చెప్పలేదు. మంచి జరగాలనే పెట్టినాం. అది చూసి ఎంతమంది దుప్పట్లు పంచినారో తెలుసా? బెంగళూరు నుంచి ఊలు పార్శిళ్లు పంపిస్తాండారు. అదిగో, అట్టపెట్టెలు చూడండి."

"పేరు లేకపోతే ఏం? మొగం లేదా నాకు? కుప్పంలో నా మొగం ఎరగనోళ్లు ఎవురు?" ఆదిలక్ష్మమ్మ నడుముకు చెక్కుకున్న ఫోను తీసింది. "నా కొడుకు లోకనాథ్. రైల్వే స్టేషన్ కాడ ఆటో తోల్తాడు. ఆ పొద్దు నాకు తన చేత్తో దోసెలు పోసి, నేను తిన్నాంక బస్సెక్కించి, కిటికీ కాడ నిలబడి టాటా సెప్పిన బిడ్డ. వానికి ఏం జేసినారో సూడు. సూడమ్మా, కండ్లు తిప్పొద్దు!"

యమున చూసింది. చెరువు గట్టులాంటి చోట ఒక యువకుడు మోకాళ్ల మీద ఉన్నాడు. చొక్కా చిరిగింది. మొహాలు కనబడని నలుగురైదుగురు చుట్టూ నిలబడ్డారు. ‘గట్టిగా చెప్పరా’ అని ఒకడి గొంతు. చెంప మీద దెబ్బ. మళ్లీ దెబ్బ. ‘అమ్మా, తప్పయిపాయమ్మా... నిన్ను వదిలేస్తి...’ ఆ పిల్లవాడి గొంతు సగంలో పగిలింది. వెనక హుషారైన పాట. కింద చప్పట్ల బొమ్మలు, దండాల బొమ్మలు, ‘ఇలాంటి వాళ్లకు ఇదే శాస్తి’ అని రాతలు.

"బాడుగకు ఎక్కినట్ల ఎక్కి, ఊరి బయటికి తోడుకోని పోయి కొట్టినారు. సెయ్యని తప్పు ఒప్పుకున్నిందాంక కొట్టినారు," అంది ఆదిలక్ష్మమ్మ. "ఆ పొద్దు నుంచి ఆటో తియ్యడంలా. అన్నం సరిగా తినడంలా. నాతో మాట్లాడడంలా. ఒక్క మాట మాత్రం అడిగినాడు. ‘ఆ స్వెట్టరు నువ్వెందుకు తీసుకున్నావు మా?’ అని. ఏం సెప్పాల నేను? ఎవురో ఆడమనిషి సంతోషం కోసరం తీసుకుంటి నాయనా అని సెప్పాల్నా?"

యమున ఫోను తిరిగి ఇచ్చి మాధవి వైపు తిరిగింది.

"ఆమెతో మాట్లాడినావా మాధవీ ఆ రోజు?"

"ఎప్పుడు?"

"నేను టీకి పోయినప్పుడు. కొడుకు వదిలేసినాడని ఆమె సెప్పిందా నీకు?"

మాధవి గబగబా తన ఫోను అందుకుని, "ఇప్పుడే తీసేస్తాను, అయిపోతుంది గదా," అంటూ బొటనవేలితో రెండు మూడు చోట్ల నొక్కింది. "చూడండి, లేదు. తీసేసినా. సారీ అమ్మా."

"నా కొడుకును కొట్టింది గూడా తీసేస్తావా?" అంది ఆదిలక్ష్మమ్మ. "కుప్పంలో ప్రతి ఫోనులో ఉండాది. వాళ్ల ఇండ్లకు పోయి తీస్తావా?"

"మరి నన్నేం చెయ్యమంటారు?"

"నాతో రండి. ఇబ్బుడే. ఇద్దురూ. ఆటో స్టాండులో నలుగురి ముందర నిలబడి, మీ నోటితో సెప్పండి. ఈయమ్మను ఎవురూ వదిలెయ్యలేదు, మేమే అబద్ధం రాస్తిమి అని. అంతకు మించి నాకేం వద్దు."

మాధవి మొహంలో నవ్వు పూర్తిగా పోయింది. "ఆటో స్టాండులోనా? అంత మంది మగోళ్ల మధ్యనా? కొట్టరా మమ్మల్ని? కావాలంటే ఇంట్లోంచే ఇంకో వీడియో పెడతాను, పొరపాటు జరిగిందని."

"పొరపాటా?" అంది యమున.

యమున గొంతు అంత పైకి లేవడం మాధవి ఎన్నడూ విని ఉండదు. యమున కూడా వినలేదు. చౌడేపల్లె బళ్లో ఒకే బెంచీ మీద కూర్చున్నప్పటి నుంచి మాధవి మాట్లాడేది, యమున వినేది. మాధవి దారి చూపేది, యమున వెంట నడిచేది. యమున భర్త మురళీధర్‌కు కామెర్లు ముదిరి ఆసుపత్రిలో ఉన్నప్పుడు వార్డు వరండాలో కటిక నేల మీద యమున పక్కన పడుకున్నది మాధవి ఒక్కతే. ఆ రోజుల్లోనే అదే వార్డుకు రోజూ వచ్చే మంగమ్మ ఇద్దరి చేతుల్లో సూదులు పెట్టింది. అలాంటి మనిషి మీద ఇంత కోపం రాగలదని యమున అనుకోలేదు. కానీ వచ్చింది. కాళ్ల నుంచి పాకుతూ వచ్చి నెత్తికెక్కింది.

"పొరపాటంటే కుట్టు జారిపోవడమే! ఇది నువ్వు కూర్చోని, ఆలోచించి, రంగులద్ది రాసింది. ఎందుకు రాసినావో చెప్పు."

"ఎందుకంటే?" మాధవికీ రోషం వచ్చింది. "ఉన్నదున్నట్టు రాస్తే ఎవురు సూస్తారే? ‘వానకు తడిసినావిడకు స్వెట్టరు ఇచ్చినాం’ అంటే వేలితో పైకి తోసేసి పోతారు. కొడుకు వదిలేసినాడంటే ఆగి సూస్తారు. సూసినారు గదా! ఇన్నాళ్లూ బస్టాండుల్లో టోపీలు ఇచ్చినాం. ఒక్కరన్నా పట్టించుకున్నారా మనల్ని?"

"పట్టించుకోవాలని ఇచ్చినామా?"

"నువ్వు అది కోరుకోకుండా ఇచ్చినావేమో. నాకు కావాల. పొద్దుగూకులూ కొట్లో కూర్చుంటే ఈగలు తోలుకోవడమే. అందురూ ఫోన్లలోనే కొంటాండారు. ఒక్క ఆ వీడియో తర్వాతే జనం నన్ను గుర్తుపట్టి మెట్లెక్కుతాండారు. ‘మీరే గదా అక్కా’ అంటాండారు. నీకేం తెలుసు అది? నువ్వూ మురిసిపోయినావు గదా! నీ ఊర్లో అందురూ మెచ్చుకున్నారని ఫోను చేసి చెప్పినావు గదా!"

"మురిసిపోయినా," అంది యమున. "ఆమెకు మేలు చేసినామనుకోని మురిసిపోయినా. ఇప్పుడు సిగ్గుతో చస్తాండా. నీకు సిగ్గు లేదా? ఆ పిల్లోని మొగం సూసినాంక గూడా ‘ఎవురు సూస్తారు’ అంటాండావే! వాడు మోకాళ్ల మీద పడితే ఎంతమంది సూసినారో అది గూడా లెక్క పెట్టుకో!"

"యమునా, నోరు..."

"బయల్దేరు. కుప్పం పోదాం."

"నేను రాను."

"మాధవీ, అడుగుతాండా. ఒక్కసారి రా. ఇద్దరం పక్కపక్కన నిలబడి చెప్దాం. కొడితే ఇద్దరినీ కొడతారు."

మాధవి గోడకు ఆనుకుని, చేతులు కట్టుకుని, అట్టపెట్టెల వైపు చూస్తూ నిలబడింది. రానన్నట్టు తల ఊపింది. యమున బుట్టలో నుంచి తన ఊలుండలు తీసుకోలేదు. సూదులు బల్లమీద పెట్టేసింది. చెప్పులు వేసుకుని ఆదిలక్ష్మమ్మతో, "పదండక్కా," అంది.

"అక్కా గిక్కా వద్దు," అంది ఆదిలక్ష్మమ్మ. "వచ్చి సెప్పు, సాలు."

మెట్లు దిగుతుంటే మంగమ్మ గొంతు వెనక నుంచి వినిపించింది, ఎన్నడూ లేనంత కటువుగా. "మాధవీ, నీకు అల్లిక నేర్పించింది నేను. దీన్ని మాత్రం నేను నేర్పించలేదు."

*

బస్సు పుంగనూరు చేరేదాకా ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు. ఆదిలక్ష్మమ్మ కిటికీ వైపు, యమున దారి వైపు. పుంగనూరులో బస్సు మారారు. ఆదిలక్ష్మమ్మ ఆ బెంచీ ఉన్న వైపు తల తిప్పకుండా నడిచింది. యమున ఇంటికి ఫోను చేసింది.

"కుప్పం పోతాండా. ఆవులకు మేత ఎయ్యి," అంది.

"కుప్పమా? యాల?" అన్నాడు మురళీధర్.

"వచ్చి చెప్తా. కోపంలో ఉండాను. ఇప్పుడు చెప్తే ఏడుస్తాను."

అవతల ఆయన ఇంకేమీ అడగలేదు. "జాగర్త," అన్నాడు.

పెద్దపంజాణి దగ్గరికి వచ్చాక ఆదిలక్ష్మమ్మ వేలితో అద్దం మీద తట్టి చూపించింది. టమాటా తోటల అంచున, కల్వర్టు పక్కన వట్టి నేల. అక్కడేదో జరిగిన గుర్తు కూడా లేదు.

"బతికినాడా ఆయన?" అంది యమున.

"బతికినాడంట. ఆసుపత్రికి ఫోను చేసి కనుక్కుంటి."

"పేరేంటి?"

"తెలీదు." ఆదిలక్ష్మమ్మ ఆమె వైపు తిరిగింది. కళ్లలో మంట ఇంకా ఆరలేదు. "నేనూ అడగలేదులే. కానీ ఆయప్పను ఎవురో కొట్టినారనో, తాగి పడినాడనో నేను ఊరంతా సెప్పుకోలేదు గదా. నాకు తెలిసిందల్లా ఒక మనిషి కింద పడినాడు, లేపాల. అంతే."

యమున తల వంచుకుంది. "నేను అడిగి ఉండాల్సింది," అంది.

"అడిగుంటే సెప్పేదాన్ని. ఇద్దరం టీ తాగుతా మాట్లాడుకొనుంటాం. బస్సు వచ్చిందాంక." ఆ మాట అన్నాక ఆదిలక్ష్మమ్మ మళ్లీ కిటికీ వైపు తిరిగింది. పలమనేరు దాటే దాకా అటే చూస్తూ కూర్చుంది. అయితే సంచిలో నుంచి వేరుశనక్కాయలు తీసి, యమున ఒళ్లో కొన్ని పోసింది. చూడకుండానే పోసింది.

*

వాళ్లు కుప్పంలో దిగేసరికి పొద్దు వాలుతోంది. రైలు అప్పుడే వచ్చినట్టుంది. స్టేషన్ ముందు జనం, సంచులు, కేకలు. ఆటోల వరసలో డ్రైవర్లు ఆదిలక్ష్మమ్మను చూసి మాటలు ఆపేశారు. ఒకరిద్దరు మొహం తిప్పుకున్నారు.

"ఓ కుమారస్వామీ," అని పిలిచింది ఆమె. వరసలో ముందు ఆటో పక్కన నిలబడ్డ నెరిసిన జుట్టు మనిషి ఇష్టంలేనట్టు తల ఎత్తాడు. స్టాండుకు పెద్ద ఆయనే. "నా కొడుకును వరసలో నిలబడొద్దు అంటివి కదా, తల్లిని వదిలేసినోనికి ఈడ జాగా లేదు అంటివి కదా. స్వెట్టరు తొడిగినామెను తెచ్చినా. ఇనుకో."

క్షణాల్లో చుట్టూ గుంపు కట్టారు. రైలు దిగినవాళ్లు కూడా ఏమిటా అని ఆగారు. యమున నోరు తెరిచేలోపే, గుంపులో నుంచి చేతులు పైకి లేచాయి. ప్రతి చేతిలో ఒక ఫోను. ప్రతి ఫోనూ ఆమె మొహం వైపే.

ఆమెకు ఒళ్లు మండిపోయింది.

"దించండి!" అని అరిచింది. "ఫోన్లు దించండి! మీ కండ్లతో సూడండి, మీ చెవులతో ఇనండి. దించితేనే మాట్లాడతా."

గుంపులో నవ్వులు వినిపించాయి. ఎవరూ దించలేదు. అప్పుడు కుమారస్వామి, ఏమనుకున్నాడో, తన పక్కనున్న వాడి చేతిని పట్టుకుని కిందికి వంచాడు. ఒకదాని వెనక ఒకటి ఫోన్లు దిగాయి. అన్నీ కాదు, చాలా వరకు.

యమున చెప్పింది. తన పేరు, ఊరు చెప్పింది. ఆదిలక్ష్మమ్మ ఎవరినో కాపాడడానికి దారిలో దిగిందని, నెత్తురు కడుక్కుని తడిబట్టలతో కూర్చుందని, తను ఒక్క మాటా అడగకుండా స్వెట్టరు తొడిగానని, కొడుకు వదిలేశాడన్న మాట పచ్చి అబద్ధమని చెప్పింది.

"ఆ అబద్ధం నమ్మి మీరు ఆ బిడ్డను వెలేసినారు. ఎవురో కొడితే చప్పట్లు కొట్టినారు. రోజూ మీ పక్కన ఆటో పెట్టుకునే మనిషే గదా! మీలో ఒక్కరన్నా వాళ్లింటికి పోయి ‘నిజమేనా లోకనాథా’ అని అడిగినారా? మేం అడగలేదు, సరే, మేం పరాయోళ్లం. మీరు యాల అడగలేదు?"

కుమారస్వామి ఖాకీ చొక్కా గుండీ ఒకటి విప్పి, మళ్లీ పెట్టుకున్నాడు. "నా తప్పే అక్కా," అన్నాడు ఆదిలక్ష్మమ్మతో, నేల చూస్తూ. "మా యింట్లో ఆడోళ్లు ఆ వీడియో సూసి ఏడిస్తే, నాకు రగతం ఉడికిపాయ. లోకనాథ్‌ను పిలిపిస్తా. ఒరే భరత్, ఫోను చెయ్యి వానికి."

భరత్ లోకనాథ్‌తో పాటే ఆటో తోలేవాడు. ఫోను చేసి, "వస్తాండాడు," అన్నాడు. ఆదిలక్ష్మమ్మ చీర చెంగుతో మొహం తుడుచుకుంది. మధ్యాహ్నం నుంచి బిగించి ఉన్న ఆమె భుజాలు మొదటిసారి కిందికి దిగడం యమున చూసింది.

లోకనాథ్ నడుచుకుంటూ వచ్చాడు. ఎడమ కన్ను కింద నలుపు ఇంకా పోలేదు. తల్లి వైపు చూడలేదు. జనం తప్పుకుని దారి ఇచ్చారు. కుమారస్వామి ఎదురెళ్లి అతని భుజం మీద చెయ్యి వేయబోతే విదిలించుకున్నాడు. నేరుగా యమున ముందుకు వచ్చి నిలబడ్డాడు.

"నువ్వేనా?" అన్నాడు.

"నేనే నాయనా. నీకు జరిగింది..."

"ఇది సూసినావా?"

అతని చేతిలో ఫోను ఉంది. దానిలో మాధవి. అదే మేడ వరండా, వెనక అవే అట్టపెట్టెలు, మొహం మీద తెల్లటి లైటు. కళ్లు ఉబ్బి ఉన్నాయి. కెమెరా ముందు మాట్లాడేటప్పుడు మాధవి గొంతే మారిపోతుంది, పుస్తకం చదివినట్టు ఉంటుంది.

"...నా ప్రాణ స్నేహితురాలే నన్ను మోసం చేసింది. ఆ తల్లిని కొడుకు వదిలేశాడని నాకు చెప్పింది యమునే. ఆమె మాట నమ్మి నేను ఆ వీడియో పెట్టాను. నిజం తెలిసిన వెంటనే తీసేశాను. దయచేసి నన్ను తిట్టకండి. చిన్నప్పటి స్నేహం కదా, నమ్మాను..."

యమునకు అర్థమైంది. తను పలమనేరు దాటుతూ, ఒళ్లో వేరుశనక్కాయలు వలుచుకుంటున్నప్పుడు మాధవి లైటు వేసుకుని, బొట్టు సరిచేసుకుని, ఈ మాటలు అన్నదన్నమాట.

"అబద్ధం రా!" అంది ఆదిలక్ష్మమ్మ. "రాసింది ఆయమ్మే. నా ముందరే ఒప్పుకునింది."

"నువ్వు మాట్లాడొద్దు మా!" లోకనాథ్ తల్లి మీద అరిచాడు. ఆ స్వెట్టరు సంగతి అడిగాక ఇన్ని రోజులకు ఆమెతో మాట్లాడిన తొలి మాట అది. "స్వెట్టరు ఇస్తే ఏసుకుంటివి. ఏడిస్తే నమ్ముతావు. ఎవురేం సెప్పినా నమ్ముతావు!" మళ్లీ యమున వైపు తిరిగాడు. "నువ్వే సెప్పి, నువ్వే వచ్చి కాదంటాండావా? ఈడ ఇంకో వీడియో కావాల్నా నీకు?"

గుంపులో గుసగుసలు మొదలయ్యాయి. దిగిన ఫోన్లు మళ్లీ ఒక్కొక్కటే లేస్తున్నాయి. కుమారస్వామి కూడా అనుమానంగా చూస్తున్నాడు. వెనక నుంచి ఎవరో, "పట్టుకోండప్పా ఆయమ్మను, పోనీయొద్దు," అన్నారు.

యమున వెనక్కి జరగలేదు.

"నీ ఫోను ఇట్లియ్యి," అంది లోకనాథ్‌తో. "నా నంబరు చూస్తే ఎత్తదు."

అతను ఇవ్వలేదు. ఆమె చెయ్యి చాపి అలాగే నిలబడింది. కాసేపటికి, ఏం చేస్తుందో చూద్దామన్నట్టు, అతను ఫోనును ఆమె అరచేతిలో పెట్టాడు. బళ్లో చదివే రోజుల నుంచీ మాధవికి సంబంధించిందేదీ యమున మరిచిపోలేదు. నంబరు నొక్కి, స్పీకరు పెట్టి, ఫోనును అందరికీ వినబడేలా పైకెత్తింది.

రింగు వెళ్తోంది. ఆటోల ఇంజన్లు ఆగిపోయాయి.

"హలో, నమస్కారం! మాధవి ఫ్యాన్సీ స్టోర్, చెప్పండి," అంది ఆ పుస్తకం గొంతు.

"మాధవీ, నేను యమునను. కుప్పం ఆటో స్టాండులో ఉండాను. నా ఎదురుగా లోకనాథ్ ఉండాడు, వాళ్లమ్మ ఉండాది. అందురూ ఇంటాండారు. ఆమెను కొడుకు వదిలేసినాడని నీకు నేను సెప్పినానా? ఇప్పుడు, వీళ్లందరి ముందర సెప్పు."

అవతల ఊపిరి పీల్చిన చప్పుడు వినిపించింది. ఆ తర్వాత ఏమీ లేదు. లోకనాథ్ మొహం ఫోనుకు దగ్గరగా వచ్చింది.

మాధవి ఫోను పెట్టెయ్యలేదు.